కుట్టుగదిలో నిప్పుగోడ

"ఈ రెండు బకెట్ల నీళ్లూ ఎందుకండీ?"

ఆ అమ్మాయి మా కుట్టుగది గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట ఇది. భుజాన నల్లబ్యాగు, చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, చూపంతా కంప్యూటర్ బల్లకి అటొకటి ఇటొకటి పెట్టిన బకెట్ల మీద.

నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది. "నిప్పుగోడ పెట్టడానికి వచ్చింది నువ్వేనా అమ్మాయ్? చూడు తల్లీ, ఇది దారాలూ గుడ్డలూ ఉన్న గది. ఒక్క రవ్వ పడితే చాలు, అంతా బుగ్గే. నువ్వేం పెట్టినా ఈ నీళ్ల పక్కనే పెట్టు."

ఫైర్ అంటే నిప్పు, వాల్ అంటే గోడ అని ముందురోజు అత్తకి అర్థం చెప్పిన మహానుభావుణ్ణి నేనే. అక్కడితో ఆపకుండా ఇంకో రెండు ముక్కలు చెప్పాల్సింది. కానీ అప్పుడు సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వాపుకోవడానికి పడుతున్న పాట్లు మాత్రం బుగ్గల్లో తెలిసిపోతున్నాయి. "ఇది మండే గోడ కాదమ్మా. మంట ఇవతలికి రాకుండా ఆపే గోడ. కంప్యూటర్ లోపలే ఉంటుంది. ఆ నీళ్లే దూరంగా పెట్టించండి. అవి దీనిమీద పడ్డాయంటే నేనేమీ చేయలేను."

అత్త ఆమెవైపు మెచ్చుకోలుగా, నావైపు ఇంకోలా చూసింది. బకెట్లు నేనే మోశాను.

మా అత్త, అంటే మా నాన్న చెల్లెలు, ఎంబ్రాయిడరీ వర్క్‌షాపు నడుపుతుంది. పన్నెండు సూదుల మిషను ఒకటి, ఏం కుట్టాలో దానికి చెప్పే కంప్యూటర్ ఒకటి, పక్కగదిలో చిన్న కంప్యూటర్లు రెండు, పనిచేసే ఆడవాళ్లు ముగ్గురు, ఆపైన నేను. నా ఉద్యోగం పేరు సిస్టమ్ ఇన్‌ఛార్జి. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నాను.

పెద్ద కంప్యూటర్లో అత్త ఇరవై రెండేళ్లుగా తయారుచేసుకున్న డిజైన్లున్నాయి. ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీస్తుంది. తర్వాత ఒక్కో కుట్టూ ఎటు పడాలో చూసుకుంటూ డిజైన్ ప్రోగ్రాంలోకి ఎక్కిస్తుంది. అన్నిటికంటే మొదటిది ఒక పిచ్చుక. దాని కంట్లో మెరుపు కోసమే వారం పట్టిందట.

చిక్కంతా ఆ ప్రోగ్రాంతోనే. దాన్ని చేసినవాళ్లు కొత్త వెర్షన్ తెచ్చారు. పాత ఫైళ్లు దానికి సరిగ్గా అర్థం కావు. పక్కగది కంప్యూటర్లో అది ఎవర్నీ అడక్కుండా అప్‌డేట్ అయిపోయి, పిచ్చుక కాస్తా దారపుండలా బయటికొచ్చింది. అత్త ఆ పూట భోజనానికి లేవలేదు. "ఈ పెద్ద కంప్యూటర్ జోలికి మాత్రం అది రాకూడదురా. ఏం చేస్తావో నాకు తెలీదు" అంది.

నేనేం చేశానో ఆ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె వింటూనే బల్ల వెనక్కి వంగి, ఊడి వేలాడుతున్న వైరు పట్టుకుని లేచింది.

"ఇంటర్నెట్ కేబుల్ పీకేశారా?"

"అప్‌డేట్ రాకుండా ఉంటుందని."

"మరి మీ ఆర్డర్లు ఎలా వస్తాయి?"

"మెయిల్లో."

"ఇప్పుడు వస్తున్నాయా?"

"లేదండీ."

"తలనొప్పిగా ఉందని తల తీసి బల్లమీద పెట్టారన్నమాట."

మిషను దగ్గరున్న ఆవిడ కిసుక్కున నవ్వింది. నా చెవులు వేడెక్కాయి.

"అంతకుముందు నేనూ ఫైర్‌వాల్‌లో రూల్స్ పెట్టాను. అవి పనిచేయలేదు కాబట్టే పీకాను" అన్నాను పౌరుషంగా.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, నా రూల్స్ తెరిచి, జుట్టులోంచి పెన్ను తీసి దాంతో తెర మీద చూపించింది. "ఇవన్నీ ఇన్‌బౌండ్. అంటే బయట్నించి లోపలికొచ్చేవాటిని ఆపేవి."

"అప్‌డేట్ వచ్చేది బయట్నించే కదండీ!"

"దానంతటది రాదు. మీ ప్రోగ్రామే రోజూ బయటికెళ్లి, కొత్తదేమైనా ఉందా అని అడుగుతుంది. అడిగితే జవాబొస్తుంది. మనవాడే అడిగి తెప్పించుకున్నదాన్ని ఈ గోడ ఆపదండీ. ఆపాల్సింది జవాబుని కాదు, అడగడానికి బయల్దేరేవాణ్ణి. దానికి అవుట్‌బౌండ్ రూలు రాయాలి."

"అంటే," అంది అత్త కళ్లజోడు సర్దుకుంటూ, "వీడు వీధి తలుపు దగ్గర కర్ర పట్టుకు కాపలా కూర్చున్నాడు. ఇంట్లోవాడేమో పెరటి తలుపు తీసుకుని బజారుకెళ్లి తెచ్చేసుకుంటున్నాడు."

"సరిగ్గా అంతేనమ్మా!"

ఆరు నెలలుగా నా బుర్రకెక్కనిది మా అత్తకి అర నిమిషంలో ఎక్కేసింది. పైగా, "చెప్పేవాళ్లు చెప్తే అర్థంకానిదేముంటుంది" అని నాకో చురక.

పని బాగా చేసేవాళ్లని నేను చూడకపోలేదు. మా అత్తనే రోజూ చూస్తాను. అయినా ఆ రోజు ఆ అమ్మాయి పని చూస్తూ టీ చల్లార్చుకున్నాను. ముందు దేన్నీ ముట్టుకోలేదామె. ప్రోగ్రాంనీ డిజైన్లనీ మొత్తం ఒక చిన్న డిస్కులోకి కాపీ తీసి అత్త చేతిలో పెట్టింది.

"బీరువాలో పెట్టి తాళం వేసుకోండమ్మా. తాళంచెవి ఈయనకివ్వకండి."

"వీడికి నా కళ్లజోడే ఇవ్వను."

తర్వాత, కేబుల్ మళ్లీ పెట్టి, ఆ కంప్యూటర్లోంచి ఏయే ప్రోగ్రాములు బయటికెళ్తున్నాయో జాబితా తీసి, ఒక్కోదాన్నీ విచారించింది. "ఇది మెయిల్, వెళ్లనిద్దాం. ఇది గడియారం సరిచేసుకునేది, పాపం వెళ్లనిద్దాం. ఇదేంటి, చదరంగమా? రెండు నిమిషాలకోసారి బయటికెళ్లొస్తోంది. కుట్టుపనిలో దీని అవసరం ఏంటండీ?"

పన్నెండు సూదుల మిషను సరిగ్గా అప్పుడే ఆగాలా! గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది.

"అదీ... మెదడుకి పదును..."

"ఆపేయ్ అమ్మాయ్" అంది అత్త. ఆమె ఆపేసింది.

డిజైన్ ప్రోగ్రాం తరఫున బయటికెళ్లేది ఒకటి కాదు, మూడట. అసలు ప్రోగ్రాం ఒకటి. అప్‌డేట్ మోసుకొచ్చేది ఇంకొకటి. మూడోది వేరే ఎక్కడో నక్కి ఉండి, కంప్యూటర్ ఆన్ చేయగానే చడీచప్పుడు లేకుండా లేచే బుల్లిది. దాని కోసం ఆమె ఇరవై నిమిషాలు వెతికింది. విసుక్కోలేదు, నిట్టూర్చలేదు. చివరికి, "దొరికావా!" అంది ప్రేమగా. ఆ పలకరింపు నాకైతే ఎంత బాగుండేదో అనిపించి, నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడింటికీ మూడు రూల్స్ రాసింది. తర్వాత ప్రోగ్రాం తెరిచి, అప్‌డేట్ కోసం చూడమనే బటన్ తనే నొక్కింది. చక్రం తిరిగి తిరిగి, కనెక్ట్ కాలేకపోయానని చేతులెత్తేసింది. ఆమె కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, మళ్లీ నొక్కింది. మళ్లీ అదే జవాబు.

"ఒకసారి ఆగింది కదండీ, రెండోసారెందుకు?"

"ఆపేశాననుకోవడం వేరు, ఆగిందని చూసుకోవడం వేరండీ."

అదిగో, అక్కడ పడిపోయాను. వానకి తడిసిన జుట్టు చూసి పడిపోయేవాళ్లుంటారు, కళ్లు చూసి పడిపోయేవాళ్లుంటారు. జుట్టూ బాగుంది, కళ్లూ బాగున్నాయి, నేను కాదనను. నేను పడింది మాత్రం రెండోసారి నొక్కిన ఆ బటన్ దగ్గరే.

మిగతా రెండు కంప్యూటర్ల కోసం ఇంకో రెండు రోజులు వచ్చింది. వాటిలో మొదటిరోజు సాయంత్రం బయల్దేరబోతుంటే వాన పట్టుకుంది. గొడుగు ఆఫీసులో మర్చిపోయిందట. ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం.

"మీకీ పని ఎలా ఇష్టమైందండీ?" అన్నాను.

"మేము ఐదుగురం అక్కచెల్లెళ్లం. ఎవరం బయటికెళ్లాలన్నా మా నాన్న ప్రశ్నలతో చంపేసేవారు. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో? అప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు చూడండి, పొద్దున్న లేస్తే అవే ప్రశ్నలు నేను ప్రోగ్రాముల్ని అడుగుతున్నాను."

"సరైన కారణం చెప్తే పంపించేవారా?"

"నిజం చెప్తే చాలు, పంపించేసేవారు." అరచెయ్యి బయటికి చాపి చూసింది. "వాన తగ్గినట్టుంది."

"లేదండీ, సన్నగా పడుతూనే ఉంది" అన్నాను. నిజానికి చుక్క లేదు.

ఆమె ఒకసారి ఆకాశాన్ని చూసింది, ఒకసారి నన్ను చూసింది. అయినా ఇంకో ఐదు నిమిషాలు అక్కడే నిలబడింది. ఆ ఐదు నిమిషాలు నేను ఎన్నిసార్లు తల్చుకున్నానో చెప్తే మీరు నవ్వుతారు.

ఆఖరిరోజు బ్యాగు సర్దుకుంటూ, "ఇంక ఇబ్బందేమీ రాదండీ. నాతో మీకు పనుండదు" అంది. అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుని, "బంగారంలాంటి పని చేశావు తల్లీ" అని మురిసిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంత బాగా చేయకపోతే ఈ అమ్మాయి సొమ్మేం పోయింది?

నిజంగానే ఏ ఇబ్బందీ రాలేదు. పంతొమ్మిది రోజులు! నేనే చిన్నచిన్నవి వెతుక్కుని ఫోన్ చేసేవాణ్ణి.

"మౌస్ కదలడం లేదండీ."

"వైరు ఊడిందేమో చూడండి."

"అవునండీ, కదిలింది."

"ఉంటానండీ."

మూడోసారి చేసేసరికి గొంతు తగ్గించి చెప్పింది. "పెద్ద సమస్యేదైనా వస్తేనే చేయండి. మా పెద్దసారు ఫోన్లన్నీ చూస్తారు."

పెద్ద సమస్య అన్న ఆ మాటే నా కొంప ముంచింది.

అప్పుడు మా చేతిలో ఒక నాటకశాల తెర ఉంది. అంచు పొడవునా అత్త పిచ్చుకలు కుట్టాలి. సగం అయింది, శనివారానికి ఇచ్చేయాలి. గురువారం పొద్దున్న పదకొండు దాటాక, ఎవరూ చూడకుండా నేను ఆ మూడు రూల్సూ ఆఫ్ చేశాను. అప్‌డేట్ చేయమంటారా అని ప్రోగ్రాం అడుగుతుంది. వద్దంటాను. గోడ పడిపోయిందని ఫోన్ చేస్తాను. ఆమె వస్తుంది, రూల్స్ ఆన్ చేస్తుంది, మళ్లీ వానొస్తుంది. ఇంతే నా పథకం.

టీ తాగొచ్చేసరికి అది నన్ను అడగనూ లేదు, ఆగనూ లేదు. అప్‌డేట్ అయిపోయి కూర్చుంది. తెర మీద కుట్టేముందు ముక్కగుడ్డ మీద కుట్టి చూడటం మా అలవాటు కాబట్టి తెర బతికింది. ముక్కగుడ్డ మీద మాత్రం దారపుండ. అత్త దాన్ని వేలితో తడిమింది. నన్ను తిట్టలేదు. "ఇరవై రెండేళ్లురా" అని కుర్చీలో కూలబడింది.

ఫోన్ చేసిన అరగంటలో ఆమె వచ్చింది. వెనకే వాళ్ల పెద్దసారూ వచ్చాడు. ఇది నా పథకంలో లేదు.

ఆయన కంప్యూటర్ తెర వైపు ఒక్క చూపు చూసి మొదలుపెట్టాడు. "రూల్స్ మూడూ ఆఫ్‌లో ఉన్నాయి. ఆన్ చేయడం మర్చిపోయి, అంతా అయిందని రాసిచ్చావు."

"మర్చిపోలేదు సార్. రెండుసార్లు చూసుకున్నాను."

"చూసుకుంటే ఇలా ఎందుకుంటుంది? నిన్ను ఒంటరిగా పంపడం నాది బుద్ధితక్కువ. రేపట్నించి మళ్లీ సీనియర్ల వెనక బ్యాగు మోయి. ఏడాది పోయాక చూద్దాం."

"నేను మర్చిపోను సార్" అందామె.

కంప్యూటర్లో ఏదో జాబితా తెరిచింది. ఏ రూలు ఎవరు ఎప్పుడు మార్చారో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుందట. ఆ సంగతి సిస్టమ్ ఇన్‌ఛార్జికి తెలీదు. ఆమె వేలు ఒక వరుస దగ్గర ఆగింది. నేను నిలబడ్డ చోటికి కూడా కనబడుతోంది. ఈరోజు తారీకు, పదకొండూ ఐదు, నా లాగిన్.

ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఒక్కసారే. తర్వాత ఆ జాబితా మూసేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఏమైనా కనబడిందా?" అన్నాడు పెద్దసారు.

"చూస్తున్నాను సార్."

ఆయన మళ్లీ అందుకున్నాడు. చిన్నపిల్లలకి పెద్ద పనులివ్వకూడదన్నాడు. ఆమె తలవంచుకుని వింటోంది. ఒక్క మాట చెప్తే ఆమె బయటపడిపోతుంది. చెప్పడం లేదు. మూడో తిట్టు దగ్గర నేను ముందుకొచ్చాను.

"సార్, ఆవిడ తప్పేమీ లేదు. ఆ రూల్స్ ఆఫ్ చేసింది నేను."

"పొరపాటునా?"

అవునంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె తలెత్తి చూస్తోంది.

"కాదండీ, కావాలనే. ఏదైనా చెడితే ఈవిడ మళ్లీ వస్తుందని. ఈవిణ్ణి చూడాలని."

ఎవరి చేతిలోంచో కత్తెర జారి ఠంగున పడింది. "ఓరి నీ..." అని మొదలుపెట్టిన అత్త, పరాయివాళ్లు గుర్తొచ్చి మిగతాది మింగేసింది. పెద్దసారు కళ్లజోడు తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"రాసిమ్మంటే రాసిస్తాను" అన్నాను. రాసి సంతకం పెట్టి ఇచ్చాను కూడా. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "నీ పని నువ్వు చూసుకో అమ్మా. నేనే తొందరపడ్డాను" అని ఆమెతో చెప్పి వెళ్లిపోయాడు.

"అమ్మా, బీరువా తాళంచెవి ఇవ్వండి" అందామె.

అంతే, ఇంక నావైపు చూడలేదు. ఈసారి కేబుల్ తనే పీకింది. కొత్త వెర్షన్ తీసేసి, డిస్కులోంచి పాతది ఎక్కించింది. రూల్స్ రాసి, కేబుల్ పెట్టి, బటన్ రెండుసార్లు నొక్కి చూసింది. నాలుగింటికి ముక్కగుడ్డ మీద పిచ్చుక కన్ను మెరిసింది. అత్త కళ్లొత్తుకుంది.

గుమ్మం దగ్గర నేను అడ్డం వెళ్లాను. నేనేమీ అనకముందే ఆమె అంది. "చెప్తారా లేదా అని చూశాను. చెప్పారు, సంతోషం. కానీ నా పేరు నాకు ఊరికే రాలేదండీ. దాంతో ఆడుకున్నారు."

ఆమె వెళ్లిపోయింది.

శనివారం తెర ఇచ్చేశాం. ఆదివారం నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. సోమవారం కూడా అదే గోడ. అత్త దారపు కండెలు సర్దుతూ మొదలుపెట్టింది.

"ఒరేయ్, నిన్ను నేను క్షమించేశాను. మా అన్న కొడుకువి, తప్పదు. ఆ పిల్లకి నువ్వేమవుతావని క్షమిస్తుంది? వెళ్లి అడుగు."

"ఫోన్ చేయనా?"

"ఫోన్లో నువ్వు మౌసుల గురించి మాట్లాడతావు. మనిషివి వెళ్లు."

"వెళ్లి ఏం చెప్పను అత్తా?"

"నిజం. నీకు అబద్ధమాడటం చేతకాదని మొన్న అందరం చూశాంగా." కండె ఒకటి వెలుగుకెత్తి రంగు చూసుకుంది. "అలాంటి పిల్ల మనింటికొస్తే నేను రోజూ దిష్టి తీస్తూ కూర్చుంటాను. మీ నాన్న సంగతి నాకొదిలెయ్. మా అన్నని ఒప్పించడం చిటికెలో పని. ఆ అమ్మాయిని ఒప్పించడం మాత్రం నీ చావు నువ్వు చావాలి."

ఆమె ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కౌంటర్లో ఉన్నావిడ నా ముందుకో ఫారం తోసింది. అది నింపితేగానీ లోపలివాళ్లని పిలవరట. పేరు, చిరునామా, సమస్య వివరం. సమస్య కింద నాలుగు గళ్లున్నాయి. కంప్యూటర్, ప్రింటర్, నెట్‌వర్క్, ఇతరములు. ఇతరములు దగ్గర టిక్కు పెట్టి, కింద ఇలా రాశాను:

"సమస్య ఏమీ లేదు. మీరు చేసినవన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. నేనే తప్పు చేశాను. క్షమించమని అడగడానికి, మిమ్మల్ని చూడటానికి వచ్చాను. ఇంకే కారణమూ లేదు."

కౌంటరావిడ అది చదివి, నన్ను చూసి, మళ్లీ చదివి, ఫారం పట్టుకుని గబగబా లోపలికెళ్లింది. గాజుతలుపు అవతల నాలుగైదు తలకాయలు లేచి, మళ్లీ దిగిపోయాయి. పది నిమిషాలకి ఆమె వచ్చింది. చేతిలో నా ఫారం. మొహంలో ఏముందో తెలుసుకునే ధైర్యం లేక నేను ఫారం వైపే చూస్తున్నాను.

"సమస్య లేకుండా ఇక్కడికెవరూ రారండీ."

"వస్తే ఏం చేస్తారు?"

"ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు." ఫారం ఇటూ అటూ తిప్పింది. "నిజంగా ఏదీ చెడగొట్టకుండానే వచ్చారా?"

"ఏదీ ముట్టుకోలేదండీ. మెట్లమీద రెయిలింగు కూడా పట్టుకోలేదు."

పెదవి కొరుక్కుంది, కానీ ఆలస్యమైపోయింది. నవ్వొచ్చేసింది. ఆ నవ్వు చూసి కౌంటరావిడ అక్కడ లేని కాగితాలేవో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"పెద్దసారు మీ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టారు. ఆఫీసులో చదవనివాళ్లు లేరు. నన్ను ఎంత ఏడిపిస్తున్నారో తెలుసా?"

"క్షమించండి."

"ఒంటరిగా పంపడం మానలేదులెండి. రేపు కొత్త చోటికి నేనొక్కదాన్నే వెళ్తున్నాను."

"చాలండీ. అది తెలుసుకోవాలనే నాలుగు రోజులుగా..." మాట పూర్తి కాలేదు.

ఆమె ఆ ఫారాన్ని కౌంటరు మీదున్న ట్రేలో వేయలేదు. నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో దాచుకుంది.

"ఐదింటిదాకా నాకు పనుంది. ఇప్పుడు మూడే అయింది."

"ఉంటానండీ."

గాజుతలుపు దాకా వెళ్లి, దాని మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగింది. గోడవారగా ఉన్న కుర్చీని కళ్లతో చూపించింది.

"వస్తాను," అంది. "కూర్చో."

కౌంటరావిడనీ, మా అత్త దగ్గర పనిచేసేవాళ్లనీ, దాదాపు నెలరోజులుగా నన్నూ, అందరినీ అండీ అండీ అనే అమ్మాయి. తలుపు మూసుకున్నాక కూడా కౌంటరావిడ నన్నే చూస్తోంది. నేను విన్నది నిజమేనా అన్నట్టు చూశాను. ఆవిడ అవునని తలూపింది.

కూర్చున్నాను. ఐదు కావడానికి ఇంకా రెండు గంటలుంది. నాకేం తొందర?